పాత కొమ్మ మీద

సెమిలిగుడలో మంచు
ముందు దేవమాలి కొండని మింగుతుంది,
తరవాత రైలుకట్టని,
ఆఖర్న మా పెరటి తీగని.

ఆ తీగ పేరు క్లెమాటిస్.
మా వీధికి నోరు తిరక్క
కొన్నాళ్లు కలమాటసు అన్నారు,
ఆపైన టీచరమ్మ తీగ అని తేల్చేశారు.
నేను టీచర్ని కాను,
పోస్టాఫీసులో ముద్రలు కొడతాను.
కళ్లద్దాలుంటే చాలు, ఇక్కడ టీచరే.

కుందులి సంతలో
అల్లం బస్తాల మధ్య కూర్చుని
తడిగోనె విప్పి, పురిటిబిడ్డని అందించినట్టు ఇచ్చాడు
నర్సరీలో పనిచేసి మానేసిన ఘాసి ఖరా.
"గోడొ ఛాయిరే, మథా ఖరారే."
పాదం నీడలో, తల ఎండలో.
ఒడియాలో ఎండంటే తన ఇంటిపేరే అని
అప్పుడే తట్టినట్టు తనే నవ్వాడు.

రెండు కణుపులు మట్టిలో మునిగేలా పాతాను.
మొదట్లో పగిలిన పెంకులు పరిచి
చుట్టూ కొత్తిమీర చల్లాను.
దీనికి నులితీగలుండవు.
ఆకుకాడే మెలికపడి
దొరికినదాన్ని పట్టుకుంటుంది:
కొబ్బరితాడు, విరిగిన గొడుగు ఊచ,
ఒకనాడు ఆరేసిన నా లంగా బొందు.

రెండేళ్లు ఏమీ లేదు.
మూడో ఏడు చైత్రంలో
వంకాయరంగులో పాలు కలిపినట్టు
ముద్దపువ్వు.
పోస్టుసంచీలో కట్ట విప్పితే ఇంకో కట్ట,
దాని లోపల ఇంకోటి.
బయటి రేకులు రాలుతున్నా
లోపలివి ఇంకా విప్పుకుంటూనే ఉన్నాయి
పదిహేను రోజులు.
ఆ పదిహేను రోజులూ ఆఫీసుకి ఆలస్యంగానే వెళ్లాను.

మరుసటి పుష్యమాసం
సాలూరు నుంచి ఘాటు బస్సులో దిగింది దాలమ్మ వదిన,
సునాబెడాలో కంటి ఆపరేషనుకి.
ఒక కంటికి కట్టు, రెండో కంటికి పొర,
చేతికి మాత్రం ఖాళీ లేదు.
నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి
తీగ మోకాలెత్తున నిలబడి ఉంది.
"ఏటే ఈ ఎండుపుల్లలు? పొయ్యిలోకైనా రావు."

ముద్దపువ్వు పూసేది పాత కొమ్మ మీదే వదినా,
అనలేదు.
ఎండినట్టు కనపడుతుందంతే వదినా,
అదీ అనలేదు.
పూటపూటా ఆవిడ కంట్లో చుక్కలు వేస్తూ
మూడు రోజులు నోరు విప్పలేదు.
చుక్కలు పడ్డానికి మాటతో పనేముంది?

ఘాసి వచ్చి మోడుని గోటితో గీరాడు.
అడుగున ఆకుపచ్చ.
"మొరినాహిఁ" అన్నాడు. చావలేదు.
టీ తాగి వెళ్లిపోయాడు.

వైశాఖంలో పూసింది.
కొత్త చిగురు మీద ఒంటిపువ్వు.
ఆరే రేకులు, నడుమ పసుపు కుచ్చు బాహాటంగా.
ఇదేనా, అనుకుని లోపలికి వెళ్లబోతుంటే
చెవి పక్కనించి ఏదో జుయ్యిమంది.
తేనెటీగ.
దాని వెనక ఇంకోటి.
నిరుడు ఆ పదిహేను రోజుల్లో
ఒక్కటంటే ఒక్కటి దిగలేదన్న సంగతి
ఇప్పుడు గుర్తొచ్చింది.
అన్ని గదులున్న ఇంట్లో
వంటిల్లు ఎక్కడుందో వాటికేం తెలుస్తుంది?

రెండో కంటికి మళ్లీ వచ్చింది వదిన.
సంచీ గుమ్మంలోనే వదిలేసి
తీగ ముందు అలా నిలబడిపోయింది.
"ఇంత రంగుందేటే దీనికి!"
కాసేపాగి, గొంతు తగ్గించి,
"అప్పుడు నాకన్నీ మట్టిరంగే కదే అమ్మీ.
మొగ్గలున్నాయేటి, నేను కోసినప్పుడు?"

ఉన్నాయి.
కణుపుకి రెండేసి, గోరంత.
"గుర్తులేదు" అన్నాను.

పార్సెళ్లు కట్టే ఎర్ర పురికొస
ఆఫీసు నుంచి మూరెడు తెచ్చాను.
ఈ ఏడు సాగిన కొమ్మల్లో ఏడింటికి ముడేశాను,
వచ్చే చైత్రానికి పాతబడాల్సిన వాటికి.
"ఎరుపున్నవి ముట్టకు, మిగతావి నీ ఇష్టం."
కత్తెర ఆవిడ చేతికే ఇచ్చాను.

లోపల బియ్యం ఏరుతున్నాను.
టక్కుమన్నప్పుడల్లా చెయ్యి ఆగుతోంది.
లేచి చూడకూడదనే
కూర్చున్నాను.